బడిపిల్లలు, రోడ్డు ప్రమాదాలు: మానవ కారణాల పరిశీలన

తెలుగులో ప్రమాదం ‘జరుగుతుంది’. దానిని ఎవరో చేశారని మనము అనము. ‘యాక్సిడెంటు అయింది’ అంటాము. వాన పడింది, పొద్దుపోయింది అన్నట్లే ఆ మాటలోనూ మనిషి కనిపించడు. మనిషి కనిపించని చోట బాధ్యత కూడా కనిపించదు. అందువలన రోడ్డు మీద ఒక బిడ్డ ప్రాణం పోయినప్పుడు ఇరుగుపొరుగువారు ‘వాడి రాత అలా ఉంది’ అని తల్లిని ఓదారుస్తారు. ఓదార్పుగా ఆ మాట మంచిదే. కాని అదే మలుపులో రేపు నడవబోయే మరొక బిడ్డను కాపాడడానికి అది పనికిరాదు.

బడికి వెళ్లే పిల్లలకు జరిగే ప్రమాదాల వెనుక ఏయే మనుషుల ఏయే పనులు ఉన్నాయో విడదీసి చూపడమే ఈ పాఠం ఉద్దేశం. అనంతపురం, కర్నూలు, పాలమూరు ప్రాంతాల నుంచి బెంగళూరుకు వచ్చి, భవన నిర్మాణాల దగ్గర షెడ్లలోనో ఇరుకు వీధులలోని అద్దె ఇళ్లలోనో నివసించే కుటుంబాలను దృష్టిలో ఉంచుకొని ఇందులోని ఉదాహరణలను ఎంచుకోవడమైనది.

1. సమస్య పరిమాణం

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల ప్రకారం 5 నుంచి 29 ఏళ్ల లోపువారి మరణాలకు రోడ్డు ప్రమాదాలే ప్రథమ కారణం. మన దేశంలో 2022లో రోడ్డు ప్రమాదాల వలన 1,68,491 మంది మరణించినట్లు కేంద్ర రోడ్డు రవాణా శాఖ నివేదిక తెలుపుతున్నది. వారిలో 18 ఏళ్లు నిండనివారు 9,500 మందికి పైగా ఉన్నారు. అంటే సగటున రోజుకు 26 మంది. ఒక చిన్న ప్రభుత్వ పాఠశాలలో ఒక తరగతి మొత్తం ఖాళీ అయినంత సంఖ్య ఇది. అదే నివేదిక ప్రకారం ఆ ఏడాది మరణాలలో 70 శాతానికి పైగా అతివేగం వలన సంభవించినవి. వేగం ఆకాశం నుంచి ఊడిపడేది కాదు. అది ఒక మనిషి పాదం కింద పుట్టేది.

2. పిల్లవాడు చూసే రోడ్డు వేరు

పెద్దలు తరచుగా చేసే మొదటి పొరపాటు, పిల్లవాడిని చిన్న పెద్దమనిషిగా భావించడం. ఏడెనిమిదేళ్ల బిడ్డ కళ్లు ఆగి ఉన్న కారు బానెట్టు కంటే కొంచెమే పైన ఉంటాయి. రెండు వాహనాల నడుమ నిలబడిన బిడ్డకు రోడ్డు కనిపించదు. డ్రైవరుకు బిడ్డ కనిపించడు. ఎదురుగా వచ్చే బండి ఎంత దూరంలో ఉన్నదో, ఎంత వేగంతో వస్తున్నదో కలిపి అంచనా వేసే శక్తి పిల్లలలో నెమ్మదిగా పెరుగుతుంది. పదేళ్ల వయసు దగ్గర కూడా అది పూర్తిగా స్థిరపడదు. బంతి వెంట పరుగెత్తే బిడ్డకు బంతి ఒక్కటే లోకం. అది అల్లరి కాదు, వయసు స్వభావం.

ఈ విషయం తెలిసిన తరువాత ‘పిల్లవాడు అడ్డం వచ్చాడు’ అనే వాక్యానికి బలం తగ్గుతుంది. పిల్లవాడు అడ్డం రావచ్చునని ముందే ఊహించి బండి నడపవలసినవారు పెద్దలు. పాఠశాల దగ్గర ప్రత్యేకమైన హెచ్చరిక బోర్డు పెట్టడానికి కారణం అదే. కన్నడ లిపి తెలుగు లిపికి దగ్గరి చుట్టం కాబట్టి కొంచెం శ్రద్ధ పెడితే ఆ బోర్డులను తెలుగువారు చదవగలరు. ‘శాలా వలయ’ అంటే పాఠశాల పరిధి. ‘ముందె శాలె ఇదె’ అంటే ముందు బడి ఉన్నది. ‘నిధానవాగి చలిసి’ అంటే నిదానంగా వెళ్లండి. ఆటో, టిప్పర్, ట్యాంకర్ నడిపే మనవారు ఈ మూడు మాటలను గుర్తుపట్టడం నేర్చుకోవడం అవసరం.

3. వేగం: ఒక చిన్న లెక్క

గంటకు 36 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి సెకనుకు 10 మీటర్లు సాగుతుంది. అడ్డంగా వచ్చిన బిడ్డను చూసి, ప్రమాదమని గ్రహించి, డ్రైవరు బ్రేకు మీద కాలు వేసేసరికి సుమారు ఒక సెకను గడుస్తుంది. అంటే బ్రేకు పడక ముందే 10 మీటర్లు పోయినవి. బ్రేకు పడిన తరువాత మంచి పొడి రోడ్డు మీద సుమారు మరొక 10 మీటర్లు సాగి బండి ఆగుతుంది. మొత్తం 20 మీటర్లు.

అదే బండి 54 కిలోమీటర్ల వేగంతో వస్తే ఆ మొదటి సెకనులోనే 15 మీటర్లు, బ్రేకు పడిన తరువాత 22 మీటర్లకు పైగా సాగుతుంది. మొత్తం 37 మీటర్లు దాటుతుంది. వేగం ఒకటిన్నర రెట్లు అయితే ఆగే దూరం దాదాపు రెండింతలైనది.

ఇప్పుడు ఆ బిడ్డ సరిగ్గా 20 మీటర్ల దూరంలో ఉన్నదనుకొందాం. మొదటి బండి బిడ్డ ముందు ఆగిపోతుంది. రెండవ బండి బిడ్డను చేరేసరికి దాని వేగం ఇంకా 47 కిలోమీటర్లకు తగ్గదు. ఇద్దరు డ్రైవర్లూ బ్రేకు వేశారు, ఇద్దరూ ఒకే క్షణంలో వేశారు. ఒకరి ముందు బిడ్డ బెదిరిపోయి ఏడ్చింది. మరొకరి ముందు బిడ్డ మిగలలేదు. ‘నేను బ్రేకు వేశాను, ఆగలేదు’ అని చెప్పే డ్రైవరు చాలాసార్లు నిజమే చెబుతాడు. తప్పు బ్రేకు వేయడంలో లేదు. అంతకు ముందు అర నిమిషం క్రితం యాక్సిలరేటరు తొక్కడంలో ఉన్నది.

సెల్‌ఫోను విషయంలోనూ ఇదే లెక్క వర్తిస్తుంది. 36 కిలోమీటర్ల వేగంలో మూడు సెకన్లు తెర వైపు చూస్తే బండి 30 మీటర్లు గుడ్డిగా సాగినట్లే. మద్యం తాగిన డ్రైవరుకు బ్రేకు మీద కాలు పడడానికి పట్టే కాలమే పెరుగుతుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములకు మించి మద్యం ఉంటే చట్టం దానిని నేరంగా పరిగణిస్తుంది.

4. తల్లిదండ్రుల వలన కలిగే ప్రమాదాలు

బిడ్డను ప్రాణంగా చూసుకొనే తల్లిదండ్రులే తెలియక ప్రమాదానికి దారితీసే సందర్భాలు కొన్ని ఉన్నాయి.

మొదటిది, రోడ్డు అవతల నుంచి బిడ్డను పిలవడం. బడి విడిచిన వేళ తల్లి ఎదురుగా నిలబడి పేరు పెట్టి పిలిస్తే, బిడ్డ చూపు తల్లి ముఖం మీదనే ఉంటుంది. కుడి ఎడమలు కనిపించవు. రోడ్డు దాటవలసినది పెద్దలు. బిడ్డ ఉన్న వైపుకు వెళ్లి, చేయి పట్టుకొని తీసుకొని రావాలి.

రెండవది, ఎదురు దారిలో బండి నడపడం. యూ టర్ను కోసం దూరం వెళ్లడానికి ఇష్టపడక బడి గేటు వరకు రాంగ్ సైడులో స్కూటరు నడిపేవారిని ఉదయం వేళ ఏ పాఠశాల ముందైనా చూడవచ్చు. రోడ్డు దాటే బిడ్డ బండ్లు రావలసిన వైపుకే చూస్తుంది. రాకూడని వైపు నుంచి వచ్చినది మరొక బిడ్డ తండ్రి బండి.

మూడవది, ద్విచక్ర వాహనం మీద ముగ్గురు, నలుగురు ఎక్కడం, బిడ్డకు హెల్మెట్టు పెట్టకపోవడం. బండి నడిపేవారి వెనుక ఒక్కరికే అనుమతి. నాలుగేళ్లు దాటిన ప్రతి ఒక్కరూ హెల్మెట్టు ధరించాలి. నాలుగేళ్ల లోపు బిడ్డను తీసుకొని వెళ్లేటప్పుడు బిడ్డను పెద్దలకు కలిపి కట్టే భద్రతా పట్టీ ఉండాలని, బండి వేగం 40 కిలోమీటర్లు దాటరాదని 2023 ఫిబ్రవరి నుంచి అమలులోకి వచ్చిన నిబంధన చెబుతున్నది. తండ్రి తలకు హెల్మెట్టు, ముందు నిలబడిన బిడ్డకు ఉత్త తల: ఈ దృశ్యం మనకు ఎంతగా అలవాటైనదంటే అందులోని వింత మనకు తోచదు.

నాలుగవది, మైనరు చేతికి బండి ఇవ్వడం. పదహారేళ్లు నిండినవారికి 50 సీసీకి మించని బండికే లైసెన్సు లభిస్తుంది. నేడు అమ్మకంలో ఉన్న పెట్రోలు స్కూటర్లు దాదాపు అన్నీ అంతకంటే పెద్దవే. కాబట్టి 18 ఏళ్లు నిండని పిల్లలు వాటిని నడపడం చట్టవిరుద్ధం. మోటారు వాహనాల చట్టంలో 2019లో చేర్చిన 199ఎ సెక్షను ప్రకారం మైనరు నేరానికి తల్లిదండ్రులు లేదా బండి యజమాని బాధ్యులు. వారికి మూడేళ్ల వరకు జైలు, 25,000 రూపాయల జరిమానా పడవచ్చును. బండి రిజిస్ట్రేషను 12 నెలలు రద్దవుతుంది. ఆ పిల్లవాడికి 25 ఏళ్లు వచ్చేవరకు లైసెన్సు రాదు.

ఐదవ కారణాన్ని తప్పు అనడం న్యాయం కాదు, కాని ప్రమాదం కాదనడం కూడా కుదరదు. కూలి అడ్డాకు తెల్లవారుజామునే చేరవలసిన తల్లిదండ్రులు, తొమ్మిదేళ్ల కూతురికి ఐదేళ్ల తమ్ముడిని అప్పగించి వెళతారు. రోడ్డును అంచనా వేయడం తనకే రాని వయసులో ఆ పిల్ల మరొక ప్రాణానికి కాపలాదారు అవుతున్నది. దీనికి ఇంటివారిని నిందించడం కంటే షెడ్ల వరుసలోని కుటుంబాలు కలసి వంతులు వేసుకోవడం మేలు. పది ఇళ్ల పిల్లలను ఒక్కొక్క రోజు ఒక్కొక్క పెద్దమనిషి వరుసగా నడిపించుకొని వెళితే, ప్రతి ఇంటికి నెలకు రెండు మూడు ఉదయాల పని మాత్రమే.

5. ఆటో, బస్సు, పాఠశాల

ముగ్గురు కూర్చోవలసిన ఆటోలో పదిమంది పిల్లలు, డ్రైవరు పక్కన ఇద్దరు, బయట వేలాడే సంచులు. ఇందులో డ్రైవరు ఆశ ఎంత ఉన్నదో, నెలకు ఇచ్చే డబ్బు దగ్గర తల్లిదండ్రుల బేరం కూడా అంతే ఉన్నది. తలకు వంద తగ్గించిన ప్రతిసారీ ఆ వందను భర్తీ చేయడానికి మరొక బిడ్డ ఆ ఆటోలో ఎక్కుతుంది. చవకగా దొరికినది మనకు ఆదా అనిపిస్తుంది. దాని ధర బిడ్డలు కూర్చునే చోటు నుంచి చెల్లుతున్నది.

బస్సు దిగిన బిడ్డ బస్సు ముందు నుంచి రోడ్డు దాటడం మరొక సాధారణ కారణం. బస్సు ముక్కుకు దగ్గరగా నడిచే చిన్న బిడ్డ డ్రైవరుకు కనిపించదు. ఆయా కిందికి దిగి పిల్లలను దాటించి, చేయి ఊపిన తరువాతనే బస్సు కదలాలి. ఆయా జీతం మిగుల్చుకోవాలని యాజమాన్యం అనుకొన్నా, ఆలస్యమవుతున్నదని డ్రైవరు తొందరపడినా ఆ ఒక్క నిమిషం పోతుంది. అన్ని తరగతులను ఒకేసారి ఇరుకు గేటు నుంచి రోడ్డు మీదికి వదలడం కూడా పాఠశాల చేసే పొరపాటే. పది నిమిషాల తేడాతో వదిలితే రద్దీ సగమవుతుంది.

6. రెండు దుర్ఘటనలు నేర్పిన పాఠాలు

2012 జులైలో చెన్నై శివార్లలోని తాంబరం దగ్గర రెండవ తరగతి చదివే ఒక బాలిక, పాఠశాల బస్సు అడుగు భాగంలో ఉన్న రంధ్రం నుంచి జారి కిందపడి అదే బస్సు చక్రం కింద మరణించినది. రంధ్రం ఒక్క క్షణంలో పుట్టదు. బస్సును రోజూ నడిపినవారు, కడిగినవారు, ఎక్కి దిగినవారు, బస్సు యోగ్యమని పత్రం ఇచ్చినవారు ఉన్నారు. మద్రాసు హైకోర్టు ఆ సంఘటనను తనంత తానుగా విచారణకు స్వీకరించినది. తమిళనాడు ప్రభుత్వం అదే సంవత్సరం పాఠశాల బస్సుల కోసం ప్రత్యేక నియమాలను తెచ్చినది.

2014 జులై 24న తెలంగాణలోని మెదక్ జిల్లా మాసాయిపేట దగ్గర కాపలాలేని రైల్వే గేటును దాటుతున్న పాఠశాల బస్సును నాందేడ్–సికింద్రాబాద్ ప్యాసింజరు రైలు ఢీకొన్నది. పదిమందికి పైగా పిల్లలు మరణించారు. కాపలాలేని గేటు దగ్గర బండిని ఆపి, కండక్టరో సహాయకుడో దిగి పట్టాల వరకు నడిచి, రైలు రావడం లేదని చూసుకోవాలని, అటువంటివారు లేకపోతే డ్రైవరే దిగి చూడాలని మోటారు వాహనాల చట్టం 131వ సెక్షను 1988 నుంచీ చెబుతున్నది. ఆ తరువాత రైల్వే శాఖ బ్రాడ్‌గేజి మార్గాలలో కాపలాలేని గేట్లను తొలగించే పనిని 2019 జనవరి నాటికి ముగించినది. డ్రైవరు చేయవలసిన పని చట్టంలో ముందే ఉన్నది. ప్రభుత్వం చేయవలసిన పని పిల్లలు పోయిన తరువాత పూర్తయినది. ప్రమాదాన్ని ఆపగల చేతులు ఎప్పుడూ ఒకటి కంటే ఎక్కువే ఉంటాయని ఈ రెండు సంఘటనలు తెలుపుతున్నవి.

7. ఒక కల్పిత ఉదాహరణ

ఇదే విషయాన్ని మన వీధికి అన్వయించి చూద్దాం. నిర్మాణంలో ఉన్న ఒక భవనం ముందు కాలిబాట మీద కంకర పోసి ఉన్నది. మిగిలిన కాలిబాట మీద ఒక కారు నిలిపి ఉన్నది. మూడవ తరగతి బాలిక తప్పనిసరై రోడ్డు మీదికి దిగినది. నీళ్ల ట్యాంకరు ఒకటి వెనక్కి వస్తున్నది. వెనుక నిలబడి చూడవలసిన క్లీనరు లేడు, కూలి మిగులుతుందని యజమాని అతనిని మాన్పించాడు. పొద్దున్నే ఎనిమిది ట్రిప్పులు ఒప్పుకొన్న యజమాని, ఆలస్యమైనదని డ్రైవరుకు ఫోను చేశాడు. డ్రైవరు ఫోను ఎత్తాడు. అదే క్షణంలో, ఇంట్లో మరచిన టిఫిన్ డబ్బా పట్టుకొని అత్త రోడ్డు అవతల నుంచి పిలిచినది. బాలిక వెనక్కి తిరిగినది.

పోలీసు కేసు సాధారణంగా డ్రైవరు పేరు మీద నడుస్తుంది. అది సబబే. కాని కంకర పోయించిన కాంట్రాక్టరు, కారు నిలిపినవారు, ట్యాంకరు యజమాని, డ్రైవరు, పిలిచిన అత్త: ఈ ఐదుగురిలో ఏ ఒక్కరు వేరుగా నడచుకొన్నా ఆ బాలిక బడికి చేరి ఉండేది. వీరిలో ఒక్కరు కూడా చెడ్డవారు కారు. అందరూ ఆ ఉదయం కొద్దిగా డబ్బునో, కొద్దిగా కాలాన్నో మిగుల్చుకొన్నారు.

ఈ వరుసలో నగరపాలన కూడా ఉన్నది. కాలిబాటను ఖాళీ చేయించడం, చెరిగిన జీబ్రా గీతలను మళ్లీ వేయించడం, బడి ముందు హంపులు వేయించడం, తవ్విన గుంతను పూడ్పించడం అధికారుల పని. రోడ్డు నిర్మాణ ప్రమాణాలను పాటించకపోవడం వలన మరణమో వైకల్యమో కలిగితే సంబంధిత సంస్థకు, కాంట్రాక్టరుకు లక్ష రూపాయల వరకు జరిమానా విధించే 198ఎ సెక్షను కూడా 2019లోనే చట్టంలో చేరినది. కాబట్టి బడి దారిలో లోపం కనిపిస్తే వార్డు కార్యాలయంలో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి, రసీదు తీసుకోవడం పౌరుల హక్కు. ఫిర్యాదు తెలుగులో చెబితే ఎవరు వింటారని సందేహించనక్కరలేదు. ఫోటో, స్థలం, తేదీ ఉన్న కాగితానికి భాష అడ్డం కాదు.

8. ప్రమాదం తరువాత తెలియవలసినవి

గాయపడిన బిడ్డను ఆసుపత్రికి చేర్చినవారిని కేసులో ఇరికిస్తారనే భయం ఇంకా ఉన్నది. చట్టంలోని 134ఎ సెక్షను వారికి రక్షణ కల్పిస్తున్నది. పేరు చెప్పుమని గాని, సాక్షిగా ఉండుమని గాని వారిని బలవంతపెట్టరాదు. 2025 మే నుంచి అమలులోకి వచ్చిన కేంద్ర పథకం ప్రకారం రోడ్డు ప్రమాద బాధితులకు నిర్ణీత ఆసుపత్రులలో ప్రమాదం జరిగిన నాటి నుంచి 7 రోజుల వరకు, 1,50,000 రూపాయలకు మించకుండా, నగదు చెల్లించకుండానే చికిత్స లభిస్తుంది. గుర్తు తెలియని వాహనం ఢీకొని పారిపోతే మరణానికి 2 లక్షలు, తీవ్ర గాయానికి 50,000 రూపాయల పరిహారం ఉన్నది.

వలస కుటుంబాలు ముఖ్యంగా గమనించవలసిన విషయం ఒకటి ఉన్నది. నష్టపరిహారం కోసం ప్రమాదం జరిగిన నగరంలోనే కోర్టు చుట్టూ తిరగనక్కరలేదు. సొంత ఊరికి తిరిగి వెళ్లినవారు తాము నివసించే ప్రాంతపు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లోనూ దరఖాస్తు చేయవచ్చును. చట్టం ఇందుకు ఆరు నెలల గడువు పెట్టినది కాబట్టి ఆలస్యం చేయరాదు. ఎఫ్.ఐ.ఆర్. ప్రతి, ఆసుపత్రి కాగితాలు, బండి నంబరు భద్రపరచుకోవాలి.

అభ్యాసం

1. మీ ఇంటి నుంచి బడి వరకు బిడ్డతో కలసి ఒకసారి నడవండి. బిడ్డ ఎత్తుకు వంగి చూడండి. రోడ్డు కనిపించని చోట్లు ఎన్ని ఉన్నవో రాయండి.

2. మీ బిడ్డ వెళ్లే ఆటోలో ఎంతమంది పిల్లలు ఉన్నారు? ఆ సంఖ్యను తగ్గించడానికి మిగిలిన తల్లిదండ్రులతో కలసి ఎంత ఎక్కువ చెల్లించగలరో మాట్లాడుకోండి.

3. ఏడవ భాగంలోని ఉదాహరణలో మీరు ఉండి ఉంటే ఎవరి స్థానంలో ఉండేవారు? ఆ స్థానంలో మీరు ఏమి మార్చేవారు?

4. మీ వీధిలో వంతుల వారీగా పిల్లలను బడికి నడిపించగల ఐదుగురు పెద్దల పేర్లు రాసి గోడకు అంటించండి.

అత్యవసర సహాయానికి 112, అంబులెన్సుకు 108, పిల్లల సహాయానికి 1098. ఈ మూడు నంబర్లు బిడ్డకు కంఠస్థం చేయించండి. ఇంటి చిరునామా, తల్లిదండ్రుల ఫోను నంబరు ఒక చీటీ మీద రాసి బడి సంచి లోపలి అరలో ఉంచండి.